విత్తనమూ నేలా – జె.బి.ఎస్. హాల్డేన్

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలు అన్నారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని కూడా ఆ పెద్దలే అన్నారు. మనిషి గుణగణాలు పుట్టుకతోనే నిర్ణయమవుతాయని మొదటి సామెత భావం. చుట్టూ ఉన్న మనుషులు, పరిసరాలు మనిషిని మలుస్తాయని రెండవదాని భావం. ఈ రెండింటిలో ఏది సత్యమన్న ప్రశ్న పండితులనూ పామరులనూ చిరకాలంగా వేధిస్తూనే ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్నకు లభించిన తొందరపాటు సమాధానాలు చట్టాలుగా మారి లక్షలాది మంది జీవితాలను ఛిద్రం చేశాయి. అటువంటి కాలంలో ఆ ప్రశ్నను గణితపు త్రాసులో తూచి, దానిని అడగవలసిన పద్ధతి వేరని చాటిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో జన్మించి, భారత పౌరుడిగా కన్నుమూసి, తన భౌతికకాయాన్ని కాకినాడ వైద్య విద్యార్థులకు సమర్పించిన విశిష్ట వ్యక్తి ఆయన.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గురించి లోతుగా పరిశోధించిన ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రజ్ఞులు. తల్లి లూయీసా కాథ్లీన్ దృఢమైన అభిప్రాయాలు గల మహిళ. పెదతండ్రి రిచర్డ్ బర్డన్ హాల్డేన్ బ్రిటిష్ ప్రభుత్వంలో యుద్ధ మంత్రిగానూ, అనంతరం లార్డ్ ఛాన్సలర్‌గానూ పనిచేశారు. ఇటువంటి విద్వత్కుటుంబంలో పుట్టిన బాలుడు మూడేళ్ల ప్రాయానికే చదవడం నేర్చుకున్నాడు.

తండ్రి తన పరిశోధనలలో కుమారునికి చిన్ననాటి నుంచే భాగస్వామ్యం కల్పించారు. ఒకసారి ఆయన బాలుణ్ణి బొగ్గుగనిలోకి వెంటబెట్టుకొని వెళ్లారు. ఆ గనిలో పైకప్పు దగ్గర మీథేన్ వాయువు పేరుకొని ఉంది. అక్కడ నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమని తండ్రి ఆదేశించారు. కొన్ని వాక్యాలు పలికేసరికే బాలునికి ఊపిరి అందక కాళ్లు తడబడి కింద పడిపోయాడు. నేలమట్టంలో గాలి స్వచ్ఛంగా ఉండడంతో వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలి కన్నా తేలికైనదని, అది పైకి చేరుతుందని, దానిని పీల్చినవాడు వెంటనే మరణించడని ఆ బాలుడు జీవితాంతం మరచిపోలేదు. శాస్త్రసత్యాన్ని సొంత శరీరంతో పరీక్షించుకోవాలన్న పాఠాన్ని ఆ గనిలోనే నేర్చుకున్నాడు.

ఆస్ట్రియా దేశపు మఠాధిపతి గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన ప్రయోగాలు మూడున్నర దశాబ్దాల పాటు మరుగున పడి, 1900 సంవత్సరంలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరమే ఆక్స్‌ఫర్డ్‌లో ఆ సిద్ధాంతాలపై జరిగిన ఉపన్యాసానికి తండ్రి ఎనిమిదేళ్ల కుమారుణ్ణి తీసుకువెళ్లారు. తల్లిదండ్రుల లక్షణాలు సంతానానికి ఒక లెక్క ప్రకారం సంక్రమిస్తాయన్న భావన ఆ పసిమనసులో నాటుకుంది. తరువాతి కాలంలో అన్నాచెల్లెళ్లిద్దరూ ఇంటి పెరటిలో గినీపందులను, ఎలుకలను పెంచి వాటి రంగులు ఒక తరం నుంచి మరొక తరానికి ఎలా సంక్రమిస్తున్నాయో గమనించి నమోదు చేసేవారు.

ఆ చెల్లెలు నవోమి 1897లో జన్మించారు. అన్నతో సమానమైన తెలివితేటలు, ఉత్సాహం ఆమెకూ ఉన్నాయి. ఇద్దరూ మొదట ఒకే పాఠశాలలో చదివారు. కాని బాలిక అయినందువల్ల ఆనాటి ఆచారం ప్రకారం కొంత వయసు వచ్చాక ఆమెను బడి మాన్పించి, ఇంటివద్దనే చదువు చెప్పించారు. అన్న విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞుడిగా ఎదిగారు. చెల్లెలు నవోమి మిచిసన్ పేరుతో నవలా రచయిత్రిగా కీర్తి పొందారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, ఒకే పెరటిలో ప్రయోగాలు చేసినవారు, రెండు వేర్వేరు దారులలో సాగిపోయారు. ఇందులో పుట్టుక పాలు ఎంత, సమాజం తెరచిన ద్వారాల పాలు ఎంత? అన్నగారి ప్రతిభలో తండ్రి ఇచ్చిన జన్యువుల పాత్ర ఎంత, తండ్రి తెరిచి ఉంచిన ప్రయోగశాల పాత్ర ఎంత? ఈ లెక్క విడదీయడం ఎంత కష్టమో హాల్డేన్ ఇంటి చరిత్రే తెలుపుతుంది.

హాల్డేన్ ఈటన్ పాఠశాలలో చదివారు. అక్కడ పెద్ద తరగతుల విద్యార్థుల చేతిలో వేధింపులకు గురి అయ్యారు. అధికార దర్పం పట్ల ఆయనకు కలిగిన ఏహ్యభావానికి ఆ అనుభవమే బీజం. ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో చేరి మొదట గణితాన్ని, తరువాత గ్రీకు, లాటిన్ సాహిత్యాలను, తత్త్వశాస్త్రాన్ని అభ్యసించి 1914లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. విజ్ఞానశాస్త్రంలో ఆయన ఎన్నడూ పట్టం పొందలేదు. అయినా ఆ శతాబ్దపు మేటి జీవశాస్త్రజ్ఞులలో ఒకరిగా నిలిచారు.

అదే సంవత్సరం మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. హాల్డేన్ బ్లాక్ వాచ్ అనే సేనాదళంలో అధికారిగా చేరి ఫ్రాన్స్‌లోనూ, మెసపొటేమియాలోనూ పోరాడి గాయపడ్డారు. ఎలుకలలో రెండు లక్షణాలు జంటగా సంక్రమిస్తాయని నిరూపించిన పరిశోధన పత్రం 1915లో వెలువడే నాటికి ఆయన యుద్ధభూమిలో ఉన్నారు. ఆ పత్రంలో సహరచయిత అయిన మిత్రుడు స్ప్రంట్ ఆ యుద్ధంలోనే ప్రాణాలు కోల్పోయారు. స్తన్యజీవులలో జన్యువుల సహలగ్నతను తెలిపిన తొలి పరిశోధన అదే. గాయాల నుంచి కోలుకోవడానికి 1917లో హాల్డేన్‌ను భారతదేశానికి పంపించారు. ఈ దేశం ఆయన హృదయాన్ని ఆకట్టుకుంది. పాలకవర్గానికి చెందిన వ్యక్తిగా కాక, ఇక్కడి ప్రజలతో సమానుడిగా మళ్లీ రావాలన్న కోరిక అప్పుడే అంకురించింది.

యుద్ధానంతరం ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో కొంతకాలం పనిచేసి, 1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రంలో రీడర్‌గా చేరారు. అక్కడ ఎంజైముల పని తీరును గణిత సూత్రాలతో వివరించారు. 1924 నుంచి ప్రకృతివరణాన్ని గురించి వరుసగా గణిత వ్యాసాలు రచించారు. డార్విన్ పరిణామ సిద్ధాంతానికీ, మెండెల్ అనువంశిక సూత్రాలకూ పొత్తు కుదరదని అప్పటివరకు చాలామంది భావించేవారు. ఆ రెండింటినీ గణితమనే దారంతో కూర్చి జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన మూల పురుషులు ముగ్గురు. వారు రొనాల్డ్ ఫిషర్, సీవాల్ రైట్, హాల్డేన్.

ఆ వ్యాసాలలో ఒక చిమ్మట ప్రస్తావన ప్రసిద్ధమైనది. మాంచెస్టర్ పరిసరాలలో తెల్లని రెక్కలపై నల్లచుక్కలు గల చిమ్మటలు ఉండేవి. 1848లో వాటి నడుమ నల్లని రకం ఒకటి కనిపించింది. పరిశ్రమల పొగ వల్ల చెట్ల మానులు మసిబారిపోగా, ఆ శతాబ్దం ముగిసేసరికి దాదాపు అన్నీ నల్లవే అయిపోయాయి. ఇంత వేగంగా మార్పు రావాలంటే నల్ల చిమ్మటలు తెల్లవాటి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని హాల్డేన్ లెక్కగట్టారు. నలుపునిచ్చే జన్యువు మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు చిమ్మటలో సమాధానం లేదు. అది వాలే చెట్టు మానులో ఉంది. పొగ తగ్గి మానులు తేటపడిన ప్రదేశాలలో ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో తెల్ల చిమ్మటలు మళ్లీ పెరిగాయి. జన్యువు విలువ పరిసరాన్ని బట్టి మారుతుందన్న ఈ దృష్టి హాల్డేన్ జీవితకాల కృషికి మూలసూత్రమైంది.

1932లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. ఆ మరుసటి సంవత్సరం ఆయన లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ కళాశాలకు ఒక ప్రత్యేకత ఉంది. ప్రకృతి, పెంపకం అనే రెండు మాటలను జంటగా శాస్త్రచర్చలోకి తెచ్చిన ఫ్రాన్సిస్ గాల్టన్ తన ఆస్తితో అక్కడ ఒక ఆచార్యపీఠాన్ని నెలకొల్పారు. ప్రతిభ వంశాలలో ప్రవహిస్తుందని, ఉత్తమ వంశాలను పెంచి అధమ వంశాలను తగ్గించాలని గాల్టన్ భావించారు. ఆ ఆలోచనకు 1883లో ఆయన యూజెనిక్స్ అని పేరు పెట్టారు. దీనినే మనం సుజనన శాస్త్రం అంటాం. ప్రతిభావంతుల ఇళ్లలో పిల్లలకు ప్రతిభతో పాటు పుస్తకాలు, పోషకాహారం, పలుకుబడి కూడా లభిస్తాయన్న సంగతికి ఆ సిద్ధాంతంలో తగిన స్థానం దక్కలేదు.

సిద్ధాంతం గ్రంథాలలో ఆగిపోలేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1907లో బలవంతపు వంధ్యీకరణ చట్టం చేసింది. క్రమంగా ముప్పైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మందబుద్ధులని, అనర్హులని ముద్ర వేసి అరవై వేల మందికి పైగా స్త్రీపురుషులకు సంతానయోగ్యత లేకుండా చేశారు. వారిలో అత్యధికులు నిరుపేదలు. జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం 1933లో ఇటువంటి చట్టమే తెచ్చింది. సుమారు నాలుగు లక్షల మంది దానికి బలి అయ్యారు. ఆ దారి అంతటితో ఆగక వికలాంగుల, మనోరోగుల సంహారానికి, ఆ తరువాత జాతి సంహారానికి దారితీసింది.

హాల్డేన్ ఈ ధోరణిని తీవ్రంగా వ్యతిరేకించారు. యౌవనంలో ఆయన కూడా సుజనన భావాల పట్ల కొంత మొగ్గు చూపినవారే. జన్యుశాస్త్రంలో లోతుకు వెళ్లేకొద్దీ ఆ భావాల డొల్లతనం ఆయనకు బోధపడింది. 1938లో ప్రచురించిన హెరిడిటీ అండ్ పాలిటిక్స్ అనే గ్రంథంలో అనువంశికత పేరిట జరుగుతున్న రాజకీయాన్ని శాస్త్రదృష్టితో ఖండించారు. హిట్లర్ పాలన నుంచి పారిపోయి వచ్చిన శాస్త్రజ్ఞులకు ఆశ్రయం కల్పించారు. వారిలో హాన్స్ గ్రూనెబర్గ్ ఎలుకల జన్యుశాస్త్రంలో నిపుణులుగా పేరు పొందారు.

సుజననవాదుల పథకం ఎందుకు ఫలించదో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్టమైన జన్యువులు కలిసినప్పుడే బయటపడే వ్యాధి ఒకటి ఉన్నదనుకొందాం. అది పదివేల మందిలో ఒకరికి వస్తుందనుకొందాం. అప్పుడు ఒకే ఒక లోపజన్యువును మోస్తూ సంపూర్ణ ఆరోగ్యంతో ఉండేవారు దాదాపు యాభై మందిలో ఒకరు ఉంటారు. అంటే ఒక రోగికి సుమారు రెండు వందల మంది వాహకులు. రోగులందరికీ సంతానం లేకుండా చేసినా ఆ జన్యువు జనాభాలో సగానికి తగ్గడానికి వంద తరాలు పడుతుంది. అంటే రెండున్నర వేల సంవత్సరాలకు పైమాటే. ఇంత క్రౌర్యానికి లభించే ఫలితం శూన్యప్రాయం. పైగా లోపజన్యువులు కొత్తగా పుడుతూనే ఉంటాయి. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిని పరిశీలించి, ఆ జన్యువులో ఉత్పరివర్తనం ఒక తరానికి సుమారు యాభై వేలలో ఒకటి చొప్పున జరుగుతుందని 1935లో హాల్డేన్ అంచనా వేశారు. మానవులలో ఉత్పరివర్తన రేటును లెక్కించిన తొలి ప్రయత్నాలలో అది ముఖ్యమైనది.

ప్రకృతికీ పెంపకానికీ గల సంబంధాన్ని గురించి ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం 1946లో వెలువడింది. అది ప్రచురితమైన పత్రిక పేరులోనే యూజెనిక్స్ అన్న మాట ఉండడం గమనార్హం. ఆ వ్యాసంలో ఆయన అడిగిన ప్రశ్న సరళమైనది. రెండు రకాల జన్యు నిర్మాణం గల ప్రాణులను రెండు రకాల పరిసరాలలో పెంచితే ఫలితాలు ఎన్ని విధాలుగా ఉండవచ్చు?

దీనిని పాడిపశువులతో పోల్చి చూద్దాం. జెర్సీ ఆవు పచ్చికబయళ్లలో, దాణా పుష్కలంగా దొరికే చోట కడివెడు పాలిస్తుంది. స్కాట్లండు కొండప్రాంతపు ఆవు అదే మేతకు అంత పాలివ్వదు. కాని చలిగాలులు వీచే ఆ రాళ్లకొండల మీద వదిలితే జెర్సీ ఆవు నీరసించిపోతుంది. కొండ ఆవు మాత్రం తట్టుకొని తన దూడను పోషించుకుంటుంది. వీటిలో మేలు జాతి ఏది? ఎక్కడ పెంచుతున్నారో చెప్పనిదే ఈ ప్రశ్నకు అర్థమే లేదు. ఒక రకం రెండు చోట్లా మేలు కావచ్చు. ఒకచోట ఒకటి, మరొకచోట మరొకటి మేలు కావచ్చు. ఒకచోట తేడా కొండంత ఉండి, మరొకచోట గోరంత కావచ్చు. ఇలా రెండు రకాలు, రెండు పరిసరాలతోనే ఫలితాల క్రమం ఆరు విధాలుగా ఉండవచ్చని హాల్డేన్ చూపారు. పది రకాలు, పది పరిసరాలు తీసుకుంటే ఆ సంఖ్య ఏడు పక్కన 144 సున్నాలు చేర్చినంత అవుతుంది. ప్రపంచంలో మనుషుల రకాలు పది కాదు, పరిసరాలూ పది కాదు. అటువంటప్పుడు ఫలానా వంశం ఉత్తమమని, ఫలానాది అధమమని ఒక్క మాటలో తేల్చడం అజ్ఞానమే అవుతుంది.

మన వంటింటిలో జరిగే పని కూడా ఇదే సత్యాన్ని చెబుతుంది. గోరువెచ్చని పాలలో తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది. అందులో పాలవల్ల ఎంత భాగం, తోడువల్ల ఎంత భాగం, వెచ్చదనంవల్ల ఎంత భాగం అని అడిగితే ఎవరు చెప్పగలరు? మూడింటిలో ఏది లేకపోయినా పెరుగు లేదు. మనిషి ఎదుగుదల కూడా అటువంటిదే. జన్యువులు, పరిసరాలు పక్కపక్కన నిలబడి చెరి సగం పని చేసేవి కావు. ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అనుక్షణం ఒకదానినొకటి ప్రభావితం చేసుకుంటూ పనిచేస్తాయి.

ఈ సత్యానికి వైద్యశాస్త్రం కొద్దికాలానికే ఒక సజీవ నిదర్శనాన్ని అందించింది. నార్వే దేశంలో ఇద్దరు బిడ్డల తల్లి ఒకరు తన పిల్లలకు బుద్ధి వికసించకపోవడానికి కారణమేమిటని వైద్యుల చుట్టూ తిరిగారు. 1934లో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రాన్ని పరీక్షించి, ఆహారంలోని ఫినైల్‌ఎలనిన్ అనే పదార్థాన్ని వారి శరీరం జీర్ణించుకోలేకపోతున్నదని కనుగొన్నారు. ఆ పదార్థం రక్తంలో పేరుకొని మెదడును దెబ్బతీస్తున్నది. ఫినైల్‌కీటోన్యూరియా అనే ఈ వ్యాధి నూటికి నూరుపాళ్లు అనువంశికమైనది. అందువల్ల దీనికి చికిత్స లేదని అందరూ భావించారు. కాని 1953లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు ఆ పదార్థం తక్కువగా ఉండే ప్రత్యేకాహారాన్ని ఒక బాలికకు ఇచ్చి చూడగా ఆమెలో మెరుగుదల కనిపించింది. ఆ ఆహారాన్ని పుట్టిన కొద్దిరోజులలోనే ప్రారంభిస్తే మెదడు సక్రమంగా ఎదుగుతుందని తరువాత తేలింది. నేడు అనేక దేశాలలో శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో ఈ వ్యాధిని గుర్తిస్తున్నారు. ఆ బిడ్డలో జన్యువు మారలేదు. మారినది పళ్లెంలోని అన్నం మాత్రమే. ఒకప్పుడు పుట్టు మందబుద్ధులని ముద్ర వేయబడే పిల్లలు నేడు చదువుకొని ఉద్యోగాలు చేస్తున్నారు. అనువంశికమైనదంతా అనివార్యం కాదన్న పాఠం ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

హాల్డేన్ మరొక ముఖ్యమైన ఊహ కూడా చేశారు. మధ్యధరా సముద్ర తీర ప్రాంతాలలో థలసీమియా అనే రక్తవ్యాధి ఎందుకు ఎక్కువగా ఉన్నదన్నది అప్పట్లో అంతుపట్టని విషయం. ఆ జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియాను తట్టుకొనే శక్తి ఉండవచ్చని, అందువల్లనే దోమలు విజృంభించే పల్లపు ప్రాంతాలలో అది నిలిచి ఉందని ఆయన 1949లో ప్రచురించిన రచనలో సూచించారు. కొడవలి కణ రక్తహీనత విషయంలో ఇటువంటి రక్షణ నిజమేనని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపారు. మన ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా అటవీ ప్రాంతాల గిరిజనులలో సైతం ఈ కొడవలి కణ జన్యువు కనిపిస్తుంది. మలేరియా ఉన్నచోట కవచమైన జన్యువే, జంటగా సంక్రమించినప్పుడు శాపమవుతుంది.

హాల్డేన్ ధైర్యం రచనలకే పరిమితం కాదు. ఇతరుల ప్రాణాలను పణంగా పెట్టే ప్రయోగాలను ఆయన తన శరీరం మీదనే చేసుకొనేవారు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినప్పుడు, లోపల చిక్కుకున్నవారి స్థితిని తెలుసుకోవడానికి స్వయంగా మూసిన గదిలో కూర్చొని విషవాయువును పీల్చారు. పీడన గదులలో చేసిన ప్రయోగాలలో ఆయన వెన్నుపూస దెబ్బతిని జీవితాంతం బాధించింది.

ఇంతటి ధీరుడు ఒక పరీక్షలో మాత్రం తడబడ్డారు. నాజీలు సర్వం జన్యువులదే అన్నారు. దానికి పూర్తిగా విరుద్ధమైన దురభిప్రాయం సోవియట్ దేశంలో తలెత్తింది. మెండెల్ జన్యుశాస్త్రం బూటకమని, పరిసరాలను మార్చి పంటల స్వభావాన్ని కోరినట్లు మలచవచ్చని ట్రోఫిమ్ లైసెంకో ప్రచారం చేశారు. స్టాలిన్ అండ అతనికి లభించింది. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన మహాశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్‌ను 1940లో నిర్బంధించారు. 1943లో ఆయన చెరసాలలోనే మరణించారు. 1948లో జన్యుశాస్త్రాన్ని అధికారికంగా నిషేధించారు. హాల్డేన్ 1928లో వావిలోవ్ ఆహ్వానంపై సోవియట్ దేశంలో పర్యటించినవారు. అయినా బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యులుగా ఉన్న ఆయన లైసెంకోను సూటిగా ఖండించలేకపోయారు. డొంకతిరుగుడు సమాధానాలతో కాలం గడిపి, 1950 ప్రాంతంలో పార్టీకి నెమ్మదిగా దూరమయ్యారు. జన్యువే సర్వస్వమన్న మూఢత్వాన్ని ఎదిరించిన గొంతు, పరిసరమే సర్వస్వమన్న మూఢత్వం ముందు బలహీనపడింది. ఎంతటి మేధావి ఆలోచననైనా అతడు మెలిగే వర్గం, నమ్మే సిద్ధాంతం వంచగలవని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.

1957లో హాల్డేన్ తన భార్య, జీవశాస్త్రజ్ఞురాలు అయిన హెలెన్ స్పర్వేతో కలిసి భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు. సూయజ్ కాలువ విషయంలో బ్రిటన్ జరిపిన దురాక్రమణ పట్ల నిరసన కూడా అందుకు ఒక కారణమని ఆయన ప్రకటించారు. పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. అరవై నాలుగేళ్ల వయసులో కొత్త దేశపు నేలపై కొత్త జీవితం ప్రారంభించారు. భారతీయ దుస్తులు ధరించారు. మాంసాహారం మానివేశారు. హిందూ పురాణ గ్రంథాలను శ్రద్ధగా చదివారు. తరువాత భారత పౌరసత్వం స్వీకరించారు.

ఖరీదైన పరికరాలు లేనిదే పరిశోధన సాగదన్న భ్రమను ఆయన తన శిష్యులలో తొలగించారు. కళ్లు, కాగితం, కలం, ఓపిక ఉంటే పొలమే ప్రయోగశాల అవుతుందని బోధించారు. శిష్యుడు ఎస్.కె. రాయ్ రెండు వరి రకాలను ఒకే మడిలో కలిపి నాటి చూశారు. కొన్ని జతలలో, విడివిడిగా వేసినప్పటి కంటె కలిపి వేసినప్పుడు దిగుబడి పెరగడం గమనించారు. పక్కనున్న మొక్క కూడా మొక్కకు పరిసరమే.

పిఠాపురంలో జన్మించిన కృష్ణ ద్రోణంరాజు హాల్డేన్ శిష్యులలో ముఖ్యులు. తెలుగువారిలో మేనరికాలు, మేనమామ మేనకోడళ్ల వివాహాలు అనాదిగా ఉన్నాయి. జన్యుశాస్త్రజ్ఞులకు ఇవి అరుదైన అధ్యయన విషయాలు. మేనత్త మేనమామల బిడ్డలు వివాహమాడితే, వారి సంతానంలో ఏదైనా ఒక జన్యుస్థానంలో ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన రెండు ప్రతులు కలిసే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ మేనకోడళ్ల సంతానంలో అది ఎనిమిదింట ఒకటి. దాగి ఉన్న లోపజన్యువులు జంటగా బయటపడే ప్రమాదం ఆ మేరకు పెరుగుతుంది. ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి వివాహాలు ఎంత తరచుగా జరుగుతున్నాయో, వాటి ప్రభావమేమిటో సర్వే చేసి 1963లో ప్రచురించారు. సామాజిక ఆచారం జన్యువుల కలయికను నిర్ణయించడం, ఆ కలయిక బిడ్డ ఆరోగ్యాన్ని నిర్ణయించడం ఇక్కడ ఒకే గొలుసులోని లంకెలు. ఆచారం కూడా పరిసరంలో భాగమే.

మనిషి ప్రవర్తన విషయంలో ఈ బంధం మరింత సూక్ష్మమైనది. తెలుగు దంపతుల బిడ్డ గుంటూరులో పెరిగితే తెలుగు పలుకుతుంది. అదే బిడ్డ పారిస్ నగరంలో ఫ్రెంచివారి నడుమ పెరిగితే ఫ్రెంచి పలుకుతుంది. ఏ భాషనైనా నేర్వగల శక్తి పుట్టుకతో వచ్చినది. ఏ భాష నేర్చుకుంటాడన్నది ఊరు నిర్ణయిస్తుంది. ఎవరూ మాట్లాడని చోట పెరిగితే ఆ శక్తి వికసించకుండానే వాడిపోతుంది. ఎంత మాట్లాడినా పెంపుడు చిలుకకు మనిషి భాష పట్టుబడదు. విత్తనం లేని నేల, నేల లేని విత్తనం రెండూ నిష్ఫలమే.

అభిప్రాయభేదాల కారణంగా హాల్డేన్ 1961లో కలకత్తా సంస్థను విడిచిపెట్టారు. ఒరిస్సా ప్రభుత్వ సహకారంతో 1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాలను ప్రారంభించారు. కొద్దికాలానికే క్యాన్సర్ సోకింది. ఆ రోగాన్ని సైతం పరిహసిస్తూ ఒక హాస్యకవిత రాశారు. సకాలంలో వైద్యుని వద్దకు వెళ్లవలసిందిగా పాఠకులకు నచ్చజెప్పడం ఆ కవిత ఉద్దేశం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో తన డెబ్బై రెండవ ఏట ఆయన తుదిశ్వాస విడిచారు. వీలునామాలో కోరిన ప్రకారం ఆయన భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు తరలించారు. బ్రతికినంతకాలం శాస్త్రానికి ఉపకరించిన శరీరం మరణానంతరం తెలుగునేల మీద వైద్య విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది.

హాల్డేన్ మనకు వదలి వెళ్లిన సందేశం తరగతి గదికీ, సమాజానికీ వర్తిస్తుంది. మనుషులందరూ ఒకే విధంగా పుట్టరు. కనుక అందరికీ ఒకే విధమైన పెంపకం, ఒకే విధమైన బోధన సరిపోవు. చదువులో వెనుకబడిన విద్యార్థిని చూసి వీడి పుట్టుకే ఇంత అని చేతులు దులుపుకోవడం సులభం. అతనికి ఏ పోషణ అందలేదో, ఏ అవకాశం దక్కలేదో, ఏ పద్ధతిలో బోధిస్తే అందుకోగలడో వెదకడం కష్టం. శాస్త్రం ఈ రెండవ దారినే సమర్థిస్తున్నది. ఏ విత్తనాన్నయినా తాలు గింజ అని పారవేయడానికి ముందు, దానికి తగిన నేలను వెదికామా అని ప్రశ్నించుకోవడం విజ్ఞుల కర్తవ్యం. ఆ విజ్ఞతకు గణిత ప్రమాణాన్ని సమకూర్చిన మహామేధావిగా హాల్డేన్ చిరస్మరణీయులు.